నల్లబల్ల మీద గీసిన పెట్టె

దినపత్రికలో జిల్లా పేజీ తిరగేస్తే ఒక మాట తరచూ కంటబడుతుంది: క్షణికావేశం. భార్యను రోకలిబండతో మోదిన వార్తలో అదే మాట. ప్రేమకు ఒప్పుకోలేదని పిల్ల మీద యాసిడ్ పోసిన వార్తలోనూ అదే. ఆ మాట రాయగానే నేరానికి వెనకా ముందూ ఏమీ లేనట్టు, ఎక్కడినుంచో ఊడిపడిన ఒక్క క్షణమే అంతా చేసిపోయినట్టు అనిపిస్తుంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆఫీసులో పై అధికారి నలుగురి ముందూ తిట్టాడు. తిట్లు తిన్నవాడికి ఒళ్లు మండిపోయింది, చెవులు ఎర్రబడ్డాయి. అయినా అధికారి మీదికి చెయ్యి లేవలేదు. "సరే సార్" అని తలవంచుకుని వచ్చేశాడు. అదే మనిషి రాత్రి కూరలో ఉప్పు ఎక్కువైందని ఇంట్లో చెయ్యి చేసుకున్నాడు. కోపం నిజంగా అదుపు తప్పితే ఎదురుగా ఉన్నది ఎవరో చూసుకునే తీరిక దానికి ఉండకూడదు. మరి ఈ కోపానికి దారి తెలుసు, గడప తెలుసు, ఎవరి ముందు అణగాలో ఎవరి మీద లేవాలో తెలుసు. అంత తెలిసిన చెయ్యి ఎక్కడో ఆ పాఠం నేర్చుకునే ఉండాలి. నేర్పింది ఎవరు, ఏ వయసులో, ఏ మాటలతో అని అడగడమే వృత్తిగా పెట్టుకున్నవాడు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం, ఓక్‌లాండ్ నగరానికి చెందిన పాల్ కివెల్. రచయిత, ఉద్యమకారుడు, అన్నిటికన్నా ముందు పాఠం చెప్పే మనిషి. హింసను ఆపే పని పోలీసు స్టేషన్లో మొదలయ్యేసరికి బాగా ఆలస్యమైపోయి ఉంటుందనీ, అది తరగతి గదిలోనే మొదలుకావాలనీ నాలుగు దశాబ్దాలకు పైగా ఆయన చెబుతూ వచ్చాడు. అయితే తరగతి గదితో అది ముగిసిపోతుందని మాత్రం ఆయన ఎన్నడూ అనలేదు. నా దృష్టిలో ఆయన పనిలో అసలు విలువ ఉన్నది ఆ రెండో మాటలోనే.

1970లలో అమెరికాలో స్త్రీవాద ఉద్యమం ఊపందుకుంది. భర్తల దెబ్బలు భరించలేక బయటికొచ్చిన ఆడవాళ్లకు తలదాచుకునే ఇళ్లు, అత్యాచారానికి గురైనవారికి రాత్రీపగలూ పలికే ఫోన్లు చాలా ఊళ్లలో వచ్చాయి. వాటిని నడిపినవాళ్లు ఆడవాళ్లే, చాలామంది జీతం లేకుండానే పనిచేశారు. కొంతకాలానికి వాళ్లకే ఒక సందేహం వచ్చింది. దెబ్బలు తిన్నవాళ్లను మేం చేరదీస్తున్నాం సరే, కొట్టేవాళ్లతో మాట్లాడేదెవరు? ఆ పని కూడా ఆడవాళ్లే నెత్తిన వేసుకోవాలా? మగవాళ్లతో మగవాళ్లు మాట్లాడాలి కదా? ఆ ప్రశ్నకు జవాబుగా కొన్ని నగరాల్లో మగవాళ్ల బృందాలు పుట్టాయి. కొట్టే భర్తలతో పనిచేయడానికి 1977లో బోస్టన్‌లో 'ఎమర్జ్' మొదలైంది. 1979లో ఓక్‌లాండ్‌లో కివెల్, అలన్ క్రైటన్, మరికొందరు మిత్రులు 'ఓక్‌లాండ్ మెన్స్ ప్రాజెక్ట్' పెట్టారు. ఓక్‌లాండ్ రేవు పట్నం, నల్లజాతివారు పెద్ద సంఖ్యలో ఉన్న ఊరు, బ్లాక్ పాంథర్ పార్టీ 1966లో పుట్టింది అక్కడే. ఆ గడ్డ మీద పనిచేస్తూ జాతి సంగతి ఎత్తకుండా మగతనం గురించి మాత్రమే మాట్లాడటం కుదరదు. అందుకే ఆ బృందంలో తెల్లవారూ నల్లవారూ కలిసి ఉండేవారు, జంటగా తరగతులు నడిపేవారు. బడులకు, జైళ్లకు, యువజన కేంద్రాలకు వెళ్లేవారు.

వాళ్లు పాఠం చెప్పిన తీరు తెలుసుకోదగ్గది. ముందు ఇద్దరు కార్యకర్తలు ఒక చిన్న నాటకం ఆడతారు. ఒకరు పదేళ్ల కొడుకు, మరొకరు పని నుంచి ఇంటికొచ్చిన తండ్రి. మార్కుల దగ్గర మాట మొదలై కేకల్లోకి, ఆ తర్వాత దెబ్బ దాకా వెళుతుంది. కుర్రాడు నోరెత్తడు. నాటకం ఆగాక, ఇలాంటిది మీ ఇళ్లలో చూశారా అని పిల్లల్ని అడుగుతారు. ఆ తర్వాత నల్లబల్ల మీద ఒక ప్రశ్న రాస్తారు: మగాడిలా ఉండు అంటే ఏమిటి? పిల్లలు చెబుతూ పోతారు. గట్టిగా ఉండాలి, ఏడవకూడదు, భయపడకూడదు, డబ్బు సంపాదించాలి, ఎవరికీ లొంగకూడదు, తన మాటే నెగ్గాలి. అవన్నీ రాశాక చుట్టూ నాలుగు గీతలు గీస్తారు. అదే పెట్టె. అప్పుడు రెండో ప్రశ్న: ఈ పెట్టెలోంచి కాలు బయటపెట్టిన పిల్లాణ్ణి ఏమంటారు? ఆ పేర్లను గీతల వెలుపల రాస్తారు. మూడో ప్రశ్న: పేర్లు పెట్టడం అయ్యాక ఇంకేం చేస్తారు? కొడతారు. గీతలను నిలబెట్టేది ఆ వెక్కిరింతలూ ఆ దెబ్బలూ అని ఎవరూ వివరించనక్కర్లేకుండానే గదిలో ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. ఉపన్యాసం ఇచ్చి ఉంటే ఇది పట్టుబడేది కాదని నాకనిపిస్తుంది. బల్ల మీద ఉన్న ప్రతి మాటా వాళ్లు చెప్పినదే, వాళ్లు పడినదే.

ఇదే ప్రశ్న తెలుగు పిల్లల ముందు పెట్టి చూడండి. పెట్టె నిండటానికి పది నిమిషాలు పట్టదు. "మగపిల్లాడివై ఉండి ఆ ఏడుపేంట్రా" అన్నది ఊహ తెలిసేనాటికి చెవిన పడే మాట. "ఆడపిల్లలా సిగ్గుపడతావేం", "చేతికి గాజులు తొడుక్కున్నావా", "మూతి మీద మీసముందా లేదా" అన్నవి ఆ తర్వాత. పెళ్లయ్యాక భార్య మాట వింటే "పెళ్లాం చాటు మొగుడు", "పెళ్లాం కొంగు పట్టుకు తిరిగేవాడు". పెట్టె బయటి పేర్లలో చాలా భాగం ఆడతనానికి సంబంధించినవే కావడం గమనించాలి. గాజులు, కొంగు, సిగ్గు, ఏడుపు. మగపిల్లాణ్ణి అవమానించాలంటే ఆడపిల్లతో పోల్చితే చాలన్నది ఈ పాఠంలో మొదటి సూత్రం. ఆ సూత్రం ఒంటబట్టిన పిల్లాడికి ఆడపిల్లంటే గౌరవం ఎక్కడినుంచి వస్తుంది? ఆడవాళ్ల మీద హింసకు నారుమడి ఇక్కడే పడుతోంది. ఆ నారు మొదట కోసేది మాత్రం ఆ పిల్లాడినే. దిగులు, భయం, ఆప్యాయత పైకి తేలడానికి పెట్టెలో చోటు లేదు. ఒక్క కోపానికే ద్వారం ఉంది. అన్నీ ఆ ద్వారం నుంచే కోపంగా బయటికొస్తాయి.

కివెల్ ఇక్కడే ఆగిపోయి ఉంటే ఆయన మగపిల్లలకు మంచి నడవడి నేర్పే పంతులుగా మిగిలిపోయేవాడు. పెట్టె తర్వాత నల్లబల్ల మీద ఇంకో పట్టిక వచ్చేది. ఎడమవైపు అధికారం ఉన్నవాళ్లు, కుడివైపు లేనివాళ్లు. పెద్దలు, పిల్లలు. మగవాళ్లు, ఆడవాళ్లు. తెల్లవారు, ఇతర జాతులవారు. డబ్బున్నవారు, లేనివారు. యజమాని, పనివాడు. హింస ఎక్కువగా ఎటునుంచి ఎటు ప్రవహిస్తుందో ఆ పట్టికలో కనబడుతుంది. ఇంకో సంగతి కూడా కనబడుతుంది: ఒకే మనిషి ఒక వరుసలో ఎడమవైపు, మరో వరుసలో కుడివైపు ఉంటాడు. బయట తెల్ల యజమాని ముందు నోరెత్తలేని నల్ల పనివాడు ఇంట్లో యజమాని కావచ్చు. ఇంట్లో భర్త చేత దెబ్బలు తినే తెల్ల స్త్రీ తన పనిమనిషి మీద అధికారం చెలాయించవచ్చు. ఈ తరగతులన్నిటినీ కలిపి కివెల్, క్రైటన్ 1997లో 'మేకింగ్ ద పీస్' పేరుతో యువకుల కోసం పదిహేను పాఠాల ప్రణాళిక అచ్చువేశారు. అంతకు ముందు సంవత్సరం, 1996లో, కివెల్ 'అప్‌రూటింగ్ రేసిజం' రాశాడు. జాతి వివక్షను పెకలించే పనిలో తెల్లవారు చేయాల్సింది ఏమిటన్నది ఆ పుస్తకం విషయం. ఆ పని భారం నల్లవారి మీదే వేసి తప్పుకోవద్దని తనవారికే చెప్పడం, ఆడవాళ్లు అడిగిన మీదట మగవాళ్లతో మాట్లాడటం, రెండూ ఒకే ఆలోచనకు రెండు కొమ్మలు.

మగవాడి స్వభావమే అంత, దీన్ని పాఠాలతో మారుస్తారా అనేవారు ఎక్కడైనా ఉంటారు. ప్రపంచమంతటా హత్యానేర అనుమానితుల్లో దాదాపు తొంభై శాతం మగవాళ్లేనని ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాలు, నేరాల విభాగం లెక్కలు చెబుతాయి. ఈ లెక్క చూపించి ఇది రక్తంలోనే ఉందనడం తేలిక. కానీ అవే లెక్కల్లో, జపాన్‌లో ఏటా లక్షమంది జనాభాకు ఒక్క హత్య కూడా జరగదు. అమెరికాలో దానికి ఎన్నో రెట్లు జరుగుతాయి. మగవాడి రక్తం రెండు దేశాల్లోనూ ఒకటే, అదే హార్మోన్. తేడా చట్టాల్లో ఉంది, తుపాకులు దొరికే తీరులో ఉంది, బతుకుల్లోని ఎగుడుదిగుళ్లలో ఉంది, మనిషిని మనిషి చూసే చూపులో ఉంది. స్వభావానికి వాటా లేదని నేను అనడం లేదు. ఆకలి స్వభావమే, కానీ పక్కవాడి కంచంలోంచి లాక్కోకూడదని ప్రతి ఇంట్లోనూ పిల్లలకు నేర్పుతున్నాం, వాళ్లు నేర్చుకుంటున్నారు.

ఇంకో అభ్యంతరం దీనికంటే బలమైనది. మాటలతో పనికాదు, భయం ఉండాలి, శిక్ష కఠినంగా ఉంటే ఎవడూ ముందుకు రాడు అంటారు. ఘోరం జరిగిన ప్రతిసారీ మన వీధుల్లోనూ మొదట వినిపించేది ఈ మాటే, ఆ ఆక్రోశంలో న్యాయం లేదని ఎవరూ అనలేరు. చట్టం ఉండాలి, కేసు త్వరగా తేలాలి, నేరస్తుడు తప్పించుకోకూడదు. కానీ భయం ఒక్కటే హింసను ఆపుతుందా అన్నదానికి అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్ష జరిగింది. 1990లలో అక్కడి బడులు తప్పు చేసిన పిల్లాణ్ణి క్షమాపణకు తావులేకుండా బయటికి పంపే విధానం పెట్టుకున్నాయి. అమెరికన్ మనస్తత్వవేత్తల సంఘం నియమించిన బృందం ఆ విధానాన్ని పరిశీలించి 2008లో నివేదిక ఇచ్చింది. బడులు అంతకు ముందుకంటే భద్రంగా మారాయనడానికి దానికి ఆధారం దొరకలేదు. వేటు పడినవాళ్లలో నల్లజాతి పిల్లలు వాళ్ల సంఖ్యకు మించి ఉన్నారని మాత్రం తేలింది. అంతకంటే కళ్లు తెరిపించేది 'స్కేర్డ్ స్ట్రెయిట్' కథ. దారి తప్పుతున్న కుర్రాళ్లను జైలుకు తీసుకెళ్లి, యావజ్జీవ ఖైదీల చేత బెదిరిస్తే బుద్ధి వస్తుందనుకున్నారు. 1978లో దాని మీద వచ్చిన డాక్యుమెంటరీ చూసి ఎన్నో రాష్ట్రాలు ఆ పద్ధతి మొదలుపెట్టాయి. తర్వాత అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, జైలు చూసొచ్చిన కుర్రాళ్లు చూడనివాళ్లకంటే ఎక్కువ నేరాలు చేశారని బయటపడింది. పెట్టె బొమ్మ గుర్తుంటే ఇందులో వింతేమీ లేదు. భయపడటం మగతనానికి తక్కువని నమ్మే కుర్రాణ్ణి బెదిరించారు. తనకు భయం లేదని నిరూపించుకోవడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే.

సరే, భయం పనిచేయదు. పాఠం పనిచేస్తుందా? కివెల్ పక్షాన మాట్లాడేవాళ్లు ఈ ప్రశ్నను నిజాయితీగా ఎదుర్కోవాలి, ఎందుకంటే జవాబు వాళ్లకు పూర్తిగా తీపిగా ఉండదు. లైంగిక హింస నివారణ కార్యక్రమాల మీద వచ్చిన 140 అధ్యయనాలను అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీకి చెందిన పరిశోధకులు 2014లో జల్లెడ పట్టారు. అందులో ఎక్కువ భాగం కాలేజీల్లో ఒక్కపూట జరిగిన తరగతులు. వాటివల్ల పిల్లలు చెప్పే జవాబులు కొన్నాళ్లు మారాయేమో గానీ చేతల్లో తేడా కనబడలేదు. చేతల్లో హింస తగ్గినట్టు గట్టి ఆధారం దొరికినవి మూడంటే మూడు. ఒకటి, ఉత్తర కరోలినాలో ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు పది పాఠాలు, ఒక నాటకం, పోస్టర్ల పోటీ కలిపి నడిపిన 'సేఫ్ డేట్స్'. రెండోది న్యూయార్క్ బడుల్లో జరిగింది. మూడోది అసలు తరగతే కాదు: స్త్రీలపై హింసను అరికట్టేందుకు 1994లో వచ్చిన అమెరికా చట్టం కింద ఊళ్లకు అందిన నిధులు.

ఆ న్యూయార్క్ ప్రయోగం దగ్గర కాసేపు ఆగాలి. దాని పేరు 'షిఫ్టింగ్ బౌండరీస్', నడిచింది ఆరు, ఏడు తరగతుల పిల్లల మధ్య. కొన్ని బడుల్లో తరగతిలో పాఠాలు మాత్రమే చెప్పారు. కొన్నింటిలో పాఠాలు లేకుండా బడి వాతావరణాన్ని మార్చారు. మరికొన్నింటిలో రెండూ చేశారు. వాతావరణం మార్చడానికి ముందుగా పిల్లల చేతికే బడి పటం ఇచ్చారు. మీకు ఎక్కడ భయమేస్తుందో, ఎక్కడ వేయదో రంగులతో గుర్తుపెట్టమన్నారు. మెట్ల మలుపు, భోజనశాల మూల, వరండా చివర ఇలాంటివి పటాల మీద తేలాయి. ఆ చోట్ల టీచర్లు నిలబడటం మొదలైంది. గోడల మీద పోస్టర్లు వచ్చాయి. వేధించిన పిల్లలకూ వేధింపుకు గురైనవాళ్లకూ మధ్య రాతపూర్వకమైన ఒప్పందాలు పెట్టారు. తర్వాత చూస్తే, రెండూ చేసిన బడుల్లో హింస తగ్గింది. వాతావరణం మాత్రమే మార్చిన బడుల్లోనూ తగ్గింది. ఉత్త పాఠాలు చెప్పిన బడుల్లో తగ్గలేదు. పాఠాన్ని నమ్ముకున్నవాళ్లకు ఇది చేదుమాత్ర. అయితే ఈ ఫలితం కివెల్‌ను కాదనడం లేదు. ఆయన రెండో పట్టిక చెప్పిందాన్నే అంకెల్లో చెబుతోంది. తరగతిలో గౌరవం గురించి విన్న పిల్లాడు బయటికి రాగానే మెట్ల మలుపులో పాత రాజ్యమే నడుస్తుంటే, విన్నది అక్కడే రాలిపోతుంది. ఆఫ్రికాలోనూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. దక్షిణాఫ్రికాలోని లింపోపో ప్రాంతంలో పేద గ్రామీణ స్త్రీలకు చిన్న అప్పులిచ్చి, వాటితోపాటు ఆడామగా సంబంధాల గురించి, హింస గురించి చర్చలు నడిపారు. రెండేళ్లలో భర్తల చేతిలో, సహచరుల చేతిలో దెబ్బలు తినడం సగానికిపైగా, 55 శాతం, తగ్గిందని 2006లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. చేతిలో నాలుగు డబ్బులు, నోట్లో మాట, చుట్టూ తోటివాళ్లు. మూడూ ఒకచోట చేరాయి.

కివెల్ తన జీవితంలో ఆలస్యంగానైనా ఎత్తిన ప్రశ్న ఇక్కడిదే. స్త్రీలపై హింసకు వ్యతిరేకంగా మొదలైన ఉద్యమం తన కళ్లముందే సేవాసంస్థగా మారిపోవడం ఆయన చూశాడు. ప్రభుత్వ నిధులు వచ్చాయి, డిగ్రీలున్న ఉద్యోగులు వచ్చారు, ఫైళ్లు వచ్చాయి. దెబ్బలు తిన్నవాళ్లకు ఆశ్రయం మెరుగుపడింది, కానీ దెబ్బలు కొట్టే ఏర్పాటును మార్చాలన్న పట్టు సడలింది. ఆ బాధతో రాసిన వ్యాసంలో ఆయన అడిగినది, మనం చేస్తున్నది సామాజిక సేవా, సామాజిక మార్పా అని. శ్వేతేతర స్త్రీల సంస్థ 'ఇన్‌సైట్' 2007లో వెలువరించిన సంకలనంలో ఆ వ్యాసం ఉంది. సంపద పైన కొద్దిమంది దగ్గర పోగుపడి కింద కోట్లమంది నలుగుతుంటే, కిందివాళ్ల కోపం పైదాకా చేరకుండా మధ్యలో మెత్తలా పనిచేసే ఉద్యోగాలు కొన్ని ఉంటాయంటాడు. టీచర్లు, సంక్షేమాధికారులు, కౌన్సెలర్లు, స్వచ్ఛంద సంస్థల ఉద్యోగులు. వాళ్ల పని వల్ల చివరికి ఎవరికి మేలు జరుగుతోందో వాళ్లే తేల్చుకోవాలంటాడు. ఇందులో కొంత కటువుతనం ఉందని నేను ఒప్పుకుంటాను. అర్ధరాత్రి బిడ్డను చంకనేసుకుని వచ్చినామెకు తలుపు తీసేవాళ్లను మెత్తలని పిలవడం వాళ్లకు నొప్పి కలిగిస్తుంది. ఆ రాత్రికి ఆమెకు కావాల్సింది తాళం ఉన్న గది, సిద్ధాంతం తర్వాత. కానీ మర్నాడు పొద్దున ఆమె తిరిగి వెళ్లే ఇల్లు, వీధి, పనిచోటు మారకపోతే తలుపు తట్టే చేతులు తగ్గవన్నది కూడా నిజం. సేవ చేసేవాళ్లను చిన్నబుచ్చడం ఆయన ఉద్దేశం కాదు. ఆయన కూడా ఆ పనిలోంచే వచ్చినవాడు.

మగవాళ్లందరినీ దోషులుగా నిలబెడుతున్నారన్న ఫిర్యాదు మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. ప్రపంచంలో హత్యకు గురయ్యేవాళ్లలో దాదాపు ఎనభై శాతం కూడా మగవాళ్లే. పెట్టె వాళ్లకూ ప్రాణాంతకమే. ఆడవాళ్లు మాత్రం హింసకు మద్దతివ్వరా అన్న ప్రశ్నకు జవాబు మన ఇంట్లోనే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఏడు సందర్భాలు చదివి వినిపించి, వీటిలో ఎప్పుడైనా భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లల్నీ సరిగా చూసుకోకపోవడం, ఎదురు చెప్పడం, వంట సరిగా చేయకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం వంటివి. ఒక్క సందర్భంలోనైనా సబబేనన్న స్త్రీలు తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ దాదాపు 84 శాతం. దేశంలో అంతకు మించిన రాష్ట్రం లేదు. మగవాళ్లలో అలా అన్నవాళ్లు తెలంగాణలో సుమారు 70, ఆంధ్రలో 66 శాతం, అంటే ఆడవాళ్లకంటే తక్కువ. ఈ అంకె చూసి ఆడదానికి ఆడదే శత్రువు అనేసి ఊరుకుంటే సర్వే చెబుతున్నది చెవికెక్కనట్టే. అదే సర్వేలో తెలంగాణలో పెళ్లైన ఆడవాళ్లలో సుమారు 37 శాతం, ఆంధ్రలో 30 శాతం భర్త చేతిలో హింస అనుభవించామన్నారు. దెబ్బ తినేవాళ్ల చేత కూడా దెబ్బ న్యాయమేననిపించగలిగిందంటే ఆ పాఠం ఎంత బాగా చెప్పారో చూడండి. మగపిల్లాడి పెట్టెకు గోడలు కట్టినవాళ్లలో తల్లులూ నాయనమ్మలూ ఉన్నారు. వాళ్ల చుట్టూ అంతకు ముందే కట్టిన ఇంకో పెట్టె ఉంది, అది ఇంకా ఇరుకు.

చదువుకూ హింసకూ ఉన్న ముడి విప్పిన అనుభవం తెలుగువారికి లేకపోలేదు. ఓక్‌లాండ్‌తో ఏ సంబంధమూ లేకుండానే 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం ఊరూరా రాత్రిబళ్లు పెట్టింది. కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు లాంతరు వెలుగులో అక్షరాలు దిద్దారు. వాళ్ల వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. సారా ఒక ఇంటిని ఎలా తిన్నదో చెప్పే పాఠం. దాని మీద చర్చ మా ఇంట్లోనూ ఇంతేనన్న చోటికి వచ్చింది. దూబగుంట ఆడవాళ్లు తమ ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. ఆ ఊరి రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. దూబగుంట కథ మళ్లీ పాఠమై వేరే ఊళ్ల రాత్రిబళ్లకు చేరింది. 1992లో సారా వేలంపాటలకు ఆడవాళ్లు అడ్డం పడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్లు తిరగ్గానే, 1997లో, ఖజానా పేరు చెప్పి సంపూర్ణ నిషేధాన్ని సడలించారు. కివెల్ వేసిన ప్రశ్నకు ఇంతకంటే నిండైన జవాబు నాకు తెలియదు. పాఠం చదివి కూర్చోలేదు వాళ్లు, లేచి వెళ్లి దుకాణం మూయించారు. మెట్ల మలుపును మార్చారు. అయితే ఆ ఉద్యమంలో ఒక ఖాళీ కూడా ఉంది, దాన్ని ఆ స్త్రీల తప్పుగా చెప్పడం అన్యాయం. రాత్రిబడిలో సీతమ్మ కథ చదివి అందులో తమను చూసుకున్నది ఆడవాళ్లు. సీతమ్మ మొగుడు తనను చూసుకోవాల్సిన పాఠం ఏ వాచకంలోనూ చేరలేదు. సారా మానిపిస్తే చెయ్యి లేవదనుకున్నాం. సారాకు ముందే ఆ చేతికి పాఠం అయిపోయింది. పాతికేళ్ల తర్వాత 84 శాతం అన్న అంకె మన ముందు నిలబడింది.

మగపిల్లల కోసం ఆ పాఠం రాయడం మన దేశంలో ఇప్పటికే జరిగింది. హర్యానాలో 314 ప్రభుత్వ బడుల్ని తీసుకుని, దాదాపు సగం బడుల్లో 'బ్రేక్‌త్రూ' అనే సంస్థ ఏడో తరగతి నుంచి పదో తరగతి దాకా ఆడా మగా పిల్లలిద్దరికీ మూడు వారాలకొకసారి ముప్పావుగంట చర్చ నడిపింది. రెండున్నరేళ్లు నడిచింది. ముగ్గురు ఆర్థికశాస్త్రవేత్తలు రెండు రకాల బడులనూ పోల్చి 2022లో ఫలితం ప్రచురించారు. పిల్లల ఆలోచనలు సమానత్వం వైపు జరిగాయి. మగపిల్లలు ఇంటిపనిలో చెయ్యి కలపడం పెరిగింది. కార్యక్రమం ఆగిన రెండేళ్లకు కూడా ఆ తేడా పోలేదు. ఆడపిల్లల చదువు, ఉద్యోగం ఆశల్లో మాత్రం పెద్ద మార్పు రాలేదు. ఉత్తర కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో పదహారు హైస్కూళ్లలో ఇంకా చిన్న ప్రయత్నం జరిగింది. ఆటల జట్టుకు శిక్షణనిచ్చే కోచ్ ఆ సీజన్లో పదకొండు సార్లు, ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు, ఆడపిల్లలతో ఎలా మెలగాలన్నది కుర్రాళ్లతో మాట్లాడాడు. ఏడాది తర్వాత ఆ కుర్రాళ్లు తమ స్నేహితురాళ్లను వేధించడం మిగతావారికంటే తక్కువగా ఉంది. దాన్నే ముంబైలో క్రికెట్ కోచ్‌లతో నడిపారు, పిల్లల చూపు మారింది. మగపిల్లాడు చెవి ఒగ్గేది తను మెచ్చే మగవాడు మాట్లాడినప్పుడే అన్నది 1979లో ఓక్‌లాండ్ వాళ్లు పట్టుకున్న కిటుకు. మన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో పీఈటీ మాస్టారి చుట్టూ ఆ వయసు పిల్లలు ఎలా తిరుగుతారో తెలియనివారు లేరు. ఢిల్లీ సామూహిక అత్యాచార ఘటన తర్వాత 2013 జనవరిలో వచ్చిన జస్టిస్ వర్మ కమిటీ నివేదిక శిక్షల గురించే రాసి ఊరుకోలేదు, చదువును గురించి, పిల్లల చూపును మార్చడం గురించి ప్రత్యేకంగా రాసింది. శిక్షల భాగం అదే ఏడాది చట్టమైంది. చదువు భాగం మన దగ్గర ఇంకా బడి గడప దగ్గరే ఉంది. హర్యానాలో పరీక్షకు నిలిచిన పాఠ్యప్రణాళికను పంజాబ్, ఒడిశా ప్రభుత్వాలు తమ బడుల్లోకి తీసుకున్నాయి. ఇచ్ఛాపురం దాటితే ఒడిశాయే.